కొలోన్ రీలు, ఫ్రేము వెంట ఫ్రేము: నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చాలాకాలంగా వాయిదా వేస్తున్న పని ఈ రోజు మొదలుపెట్టాను. 1945 మార్చి 6న జర్మనీలోని కొలోన్ నగరంలో, పెద్ద కెథడ్రల్ ముందున్న కూడలిలో ఒక అమెరికన్ పెర్షింగ్ ట్యాంకు, ఒక జర్మన్ పాంథర్ ట్యాంకు ఎదురుపడ్డాయి. అమెరికా సైన్యం 165వ సిగ్నల్ ఫోటో కంపెనీకి చెందిన సార్జెంట్ జిమ్ బేట్స్ ఆ పోరును 35 ఎంఎం ఫిల్ము మీద తీశాడు. ఆ ఫుటేజ్ నేను ఇప్పటికి వందసార్లయినా చూసి ఉంటాను. అయినా ఎవరైనా "ఈ షాట్ తీసేటప్పుడు కెమెరా ఎక్కడుంది? ఏ వైపు చూస్తోంది?" అని అడిగితే గట్టిగా జవాబు చెప్పలేను. ఇన్నిసార్లు చూసి కూడా చెప్పలేకపోవడం నన్ను బాధపెట్టింది. అందుకే ఈ ప్రాజెక్టు.

చేయదలచుకున్నవి మూడు పనులు. ఆ రోజు కొలోన్‌లో తీసిన ప్రతి షాటుకూ తెలుగులో ఒక వివరం రాయాలి. ప్రతి షాటునూ ఊరి పటం మీద గుర్తించాలి. సరైన వేగంలో, సరైన వరుసలో, పైన ఏ శబ్దమూ అతికించకుండా ఒక ప్రతి తయారు చేయాలి.

ఈ ఫుటేజే ఎందుకంటే, రెండో ప్రపంచ యుద్ధం మీద రీళ్లకు కొదవ లేదు గానీ, వాటిలో ఎక్కువ భాగం తెరలో కనబడని దేనిమీదకో ఫిరంగులు పేలడమో, ఎప్పుడో కాలిపోయి ఆరిపోయిన ట్యాంకు పక్కనుంచి సిపాయిలు నడిచిపోవడమో ఉంటుంది. ఎవరు కాల్చారు, ఎవరికి తగిలింది, ఎక్కడ, ఎంతసేపట్లో అన్నది ఒకే కెమెరా చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. శత్రువు ట్యాంకు కెమెరాకి కనబడుతోందంటే, కెమెరా పట్టుకున్న మనిషి ఆ ట్యాంకుకీ కనబడుతున్నట్టే. అరుదుగా ఉండటానికి కారణం అదే.

3వ రోజు

ప్రతులు పోగేశాను. అసలు ఫిల్ము అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో, సిగ్నల్ కోర్ (సైన్యంలో సమాచారం, ఫోటోల పనులు చూసే విభాగం) రికార్డులుండే 111వ గ్రూపులో ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసినవి కాబట్టి కాపీరైట్ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఈ వెసులుబాటు వల్లే మంచీ జరిగింది, చెడూ జరిగింది. మంచి ఏమిటంటే, నాలాంటివాడికి కూడా అందుబాటులో ఉంది. చెడు ఏమిటంటే, చేతికందినవాళ్లంతా కత్తిరించి, ముందువెనకలు మార్చి, వేరే ఊళ్ల షాట్లు మధ్యలో ఇరికించి వాడేశారు. నా దగ్గరికి చేరిన 5 ప్రతుల్లో షాట్ల వరుస ఏ రెండింటిలోనూ ఒకేలా లేదు.

ఎడిటర్ చెయ్యి పడని రీలును గుర్తుపట్టడానికి ఒక కిటుకు ఉంది. సిగ్నల్ కోర్ వాళ్లు ఎక్కువగా వాడిన ఐమో కెమెరా కరెంటుతో నడిచేది కాదు, గడియారానికి ఇచ్చినట్టు కీ ఇవ్వాలి. బటన్ నొక్కగానే ఫిల్ము పూర్తి వేగం అందుకోవడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. ఆ కాస్తలో ఫిల్ము మీద వెలుతురు ఎక్కువ పడి, మొదటి ఫ్రేము తెల్లగా మెరుస్తుంది. ఆగేటప్పుడూ అంతే. ఆ తెల్ల ఫ్రేము ఉందంటే అక్కడ కెమెరా ఆగిందని అర్థం. లేకుండా షాట్ మారిందంటే, చాలావరకు కత్తెర పడినట్టే. ఎడిటర్లు మొట్టమొదట కోసి పారేసేది ఆ ఫ్రేముల్నే. నా 5 ప్రతుల్లో ఒక్కదాంట్లోనే అవి దండిగా ఉన్నాయి. అదే నా మూల ప్రతి.

ఐమోలో పట్టే రీలు 100 అడుగులు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, అంటే 1600 ఫ్రేములు. సెకనుకి 24 చొప్పున లెక్కేస్తే ఒక నిమిషం 6 సెకన్లు, అంతే. పైగా ఒక్కసారి కీ ఇస్తే ఆ 100 అడుగులూ పూర్తిగా తిరగవు. ఎప్పుడు బటన్ నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కీ ఇవ్వాలి, ఎప్పుడు రీలు మార్చాలి అన్నవన్నీ గుండ్లు పడుతున్న వీధిలో తేల్చుకోవాలి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక ప్రతి షాట్ మీదా గౌరవం పెరిగింది.

4వ రోజు

రెండు రోజుల కష్టం చెత్తబుట్టలోకి పోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని వివరంగా రాస్తున్నాను.

ప్రతి షాట్ ఎన్ని ఫ్రేములుందో లెక్కపెట్టి, 24తో భాగించి, సెకన్లలో వ్యవధిని పట్టికలో షాటుకో వరుస చొప్పున రాసుకుంటూ వచ్చాను. 20 వరుసలు పూర్తయ్యాక అనుమానం వచ్చింది. గోడ పక్కన నడుస్తున్న సిపాయి అడుగులు లెక్కపెడితే మరీ నింపాదిగా తేలాయి. మామూలు నడకలో మనిషి సెకనుకి సుమారు 2 అడుగులు వేస్తాడు. నా లెక్క ప్రకారం ఆ సిపాయి షికారుకి వచ్చినట్టున్నాడు. ప్లే చేసి చూస్తే మాత్రం నడక మామూలుగానే ఉంది.

ఆ తర్వాత గానీ వెలగలేదు. ఫిల్ములో సెకనుకి 24 ఫ్రేములు. పాత అమెరికన్ వీడియోలో సెకనుకి సుమారు 30. ఒకదాన్ని రెండోదాంట్లోకి దింపేటప్పుడు ప్రతి 4 అసలు ఫ్రేముల నుంచి 5 వీడియో ఫ్రేములు తయారు చేస్తారు. ఆ అయిదింటిలో రెండు, పక్క ఫ్రేములు రెండు కలిసిన మిశ్రమాలు. నేను 30 ఉన్నచోట 24తో భాగించాను కాబట్టి ప్రతి వ్యవధీ పాతిక శాతం పెరిగింది. జూమ్ చేసి ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూస్తే విషయం బయటపడింది. కదులుతున్న ట్యాంకు అంచులు మూడు ఫ్రేముల్లో నున్నగా, రెండు ఫ్రేముల్లో దువ్వెన పళ్లలా ఉన్నాయి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డ్‌మ్యాచ్, ఆ వెంటనే డెసిమేట్ ఫిల్టర్లు వాడితే మిశ్రమాలు విడిపోయి, అదనపు ఫ్రేము రాలిపోయి, మళ్లీ 24కి వచ్చింది. సిపాయి మామూలుగా నడిచాడు. అయితే ఈ చికిత్స ఆ దువ్వెన పళ్లు ఇంకా మిగిలి ఉన్న ప్రతికే పనిచేస్తుంది. ఎవరో ముందే "నాణ్యత పెంచి" రెండు ఫ్రేముల్నీ కరిగించి కలిపేసిన ప్రతులు రెండున్నాయి. వాటిని విడదీయడం నా వల్ల కాలేదు. పక్కన పెట్టేశాను.

20 వరుసలూ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

7వ రోజు

ఈ రోజు ఎడమా కుడీ సంగతి. ఒక ప్రతిలో పాంథర్ ఒక వైపుకి తిరిగి ఉంటే, ఇంకో ప్రతిలో అద్దంలో చూసినట్టు ఎదురు వైపుకి తిరిగి ఉంది. దుకాణాల బోర్డుల మీద అక్షరాలుంటే క్షణంలో తేలిపోతుంది. శిథిలాలు తప్ప ఏమీ లేని షాటులో ఎలా తేల్చాలి?

ట్యాంకునే అడగాలి. పాంథర్‌లో డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు. కుడివైపు రేడియో ఆపరేటర్, అతని ముందు ఇనుప పలకలో మెషిన్‌గన్ గుండ్రటి మౌంటు. ట్యాంకుని ఎదురుగా చూస్తే ఆ మౌంటు మనకి ఎడమ చేతి వైపు రావాలి. కుడి వైపు వచ్చిందంటే ఫిల్ము తిరగబడినట్టే. పైన కమాండర్ తలుపుండే గుండ్రటి కట్టడం టరెట్‌కి (ఫిరంగి ఉండే, పైన తిరిగే భాగం) ఎడమ పక్కన ఉంటుంది. అమెరికన్లు మామూలుగా వాడిన షెర్మన్ ట్యాంకులో, పెర్షింగ్‌లో కూడా డ్రైవర్ ఎడమవైపే, ముందు మెషిన్‌గన్ కుడివైపే. కాని కమాండర్ తలుపు మాత్రం టరెట్‌కి కుడి పక్కన. ఈ చిన్న తేడా ఒక్కటి పట్టుకుని ఈ రోజు 11 షాట్లు తేల్చాను. వాటిలో 3 తిరగబడినవే.

ఇదే పనిలో చక్రాలు కూడా అక్కరకొచ్చాయి. పొగలో పై భాగం మునిగిపోయినా కింద చక్రాలు కనబడతాయి. షెర్మన్‌కి రెండేసి చిన్న చక్రాల జతలు పక్కకి మూడు. పెర్షింగ్‌కి ఆరు పెద్ద చక్రాలు వరుసగా ఉంటాయి. పాంథర్‌కి పెద్ద చక్రాలు ఒకదాని మీద ఒకటి పొలుసుల్లా అల్లుకుని ఉంటాయి. ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం ఉండదు. అయితే వరండాలోంచో కిటికీలోంచో పై నుంచి తీసిన షాటులో చక్రాలు దాగిపోయి ఫిరంగి గొట్టం మాత్రమే కనబడుతుంది. పాంథర్ గొట్టం కొసకి, పెర్షింగ్ గొట్టం కొసకి రెండింటికీ పొగ పక్కలకి పోయే మజిల్ బ్రేక్ ఉంది. అక్కడ నేనూ రెండుసార్లు పొరబడ్డాను. ఈ పోలిక మళ్లీ 12వ రోజున ఇంకోలా ఎదురొచ్చింది.

9వ రోజు

పటం పని. కెథడ్రల్ ఎత్తు 157 మీటర్లు కాబట్టి దాదాపు ప్రతి షాటులో ఏదో ఒక మూల దాని గోపురం దొరుకుతుంది. రెండు గోపురాల మధ్య ఖాళీ ఎంత కనబడుతోందన్నదాన్ని బట్టి కెమెరా ఏ కోణంలో ఉందో గీత గీయొచ్చు. ఊరు మొత్తం నేలమట్టమైనా కెథడ్రల్ బాంబు దెబ్బలు తిని కూడా నిలబడింది. ఈ పనిలో నాకు దిక్సూచి అదే.

జరిగింది క్లుప్తంగా ఇది. అమెరికా 3వ ఆర్మర్డ్ డివిజన్ ట్యాంకులు శిథిలాల మధ్య నుంచి రైన్ నది వైపు వస్తున్నాయి. కెథడ్రల్ వైపు వెళ్లే కొమోడియన్‌స్ట్రాస్సె వీధిలో ముందున్న షెర్మన్‌ని పాంథర్ కొట్టింది. అందులోని లెఫ్టినెంట్ కార్ల్ కెల్నర్ ఒక కాలు పోగొట్టుకుని, కాసేపటికే చనిపోయాడు. అతను ట్యాంకులోంచి బయటపడటం కూడా కెమెరాకి దొరికింది. ఆ వరుస రాసి, కంప్యూటర్ ఆపేసి, కాసేపు లేచి తిరిగాను.

అప్పుడే పక్క వీధిలో ఉన్న పెర్షింగ్‌కి కబురందింది. దాని కమాండర్ సార్జెంట్ రాబర్ట్ ఎర్లీ, గన్నర్ క్లారెన్స్ స్మోయర్. స్మోయర్ వయసు అప్పటికి 21. ఎర్లీ ట్యాంకు దిగి నడుచుకుంటూ ముందుకెళ్లి పాంథర్ ఎక్కడుందో కళ్లారా చూసుకున్నాడు. బేట్స్ కూడా వెంట వెళ్లాడు. కూడలి కనబడే భవనంలో నేలకి కాస్త ఎత్తున కెమెరా పెట్టుకుని ఆగిపోయాడు. ఎర్లీ వెనక్కి వెళ్లి ట్యాంకు ఎక్కాడు. ఈ ఫుటేజ్ ఉండటానికి అదృష్టం ఒక్కటే కారణం కాదు. ఏం జరగబోతోందో తెలిసిన కెమెరామన్ ముందే చోటు ఎంచుకుని ఎదురుచూశాడు. పటం మీద ఆ భవనం చోట ఎర్ర చుక్క పెట్టాను. అక్కణ్నుంచి గీసిన గీతలన్నీ కూడలిలో ఒకే చోట కలిశాయి. ఆ నిమిషంలో కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను.

12వ రోజు

అసలు షాట్ ఇది. రోజంతా దీనిమీదే ఉన్నాను.

పెర్షింగ్ కూడలిలోకి వస్తూనే కాల్చింది. మొత్తం మూడు గుండ్లు. పేలిన ప్రతిసారీ ఫ్రేము అదిరి కిందామీదా అవుతుంది. ఇంత దగ్గరలో 90 ఎంఎం ఫిరంగి పేలితే ఆ గాలి దెబ్బ కెమెరాని, పట్టుకున్న చేతుల్ని ఊపేయక మానదు. ఈ అదురు తగ్గించడానికి స్టెబిలైజర్ వాడిన ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. చూడటానికి హాయిగా ఉంటుంది గానీ, అందులో ఆ మనిషి నిలబడి ఉన్న సంగతే చెరిగిపోయింది. నా ప్రతిలో అదురు అలాగే ఉంచుతున్నాను.

తర్వాత పాంథర్. పొగ, తలుపుల్లోంచి దూకుతున్న మనుషులు, ఆపైన మంట. ఇక్కడ తెల్ల ఫ్రేముల పరీక్ష మళ్లీ పెట్టాను. దెబ్బ తగలడానికీ మనుషులు దూకడానికీ మధ్య కత్తెర పడిందా లేదా అన్నదే నా ప్రశ్న. కొన్ని ప్రతుల్లో మధ్యలో వేరే షాట్ ఇరికించి ఆ వ్యవధిని ఇష్టం వచ్చినట్టు సాగదీశారు. మూల ప్రతిలో ఎక్కడెక్కడ కెమెరా ఆగిందో, ఎక్కడ ఆగలేదో ఫ్రేము నంబర్లతో సహా నమోదు చేశాను. ఇంత చిన్న విషయానికి రోజంతానా అంటే, ఒక మనిషికి బయటపడటానికి దొరికిన సమయం ఎంత అన్నది ఈ నంబర్ల మీదే ఆధారపడి ఉంది.

పాంథర్ కమాండర్ విల్హెల్మ్ బార్టెల్‌బోర్త్ ప్రాణాలతో బయటపడ్డాడు. మూల మీద కనబడింది జర్మన్ ట్యాంకే అనుకుని కాల్చకుండా క్షణం ఆగానని తర్వాత చెప్పాడు. అందులో ఆశ్చర్యం లేదు. అప్పటికి ఐరోపాకి వచ్చిన పెర్షింగులు 20 మాత్రమే, జనవరిలో దిగాయి. అమెరికన్ ట్యాంకంటే షెర్మన్ అని అలవాటుపడ్డ కంటికి పొడుగు గొట్టం, కొసన మజిల్ బ్రేక్, వెడల్పు శరీరం కనిపించాయి. 7వ రోజున కుర్చీలో కూర్చుని, ఫ్రేము ఆపుకుని, జూమ్ చేసుకుని కూడా నేను పొరబడ్డ గొట్టమే అది. ఆయనకు దొరికింది ఒక్క క్షణం.

పాంథర్ ముందు పలక 80 ఎంఎం మందం, పైగా బాగా వాలుగా ఉంటుంది. ఎదురుగా తగిలిన గుండు జారిపోయే అవకాశం ఎక్కువ. పక్క పలక దాంట్లో సగం కొంచెం అటూ ఇటూ. పక్క వీధి నుంచి రావడం వల్ల పెర్షింగ్‌కి దొరికింది ఆ పక్క. పటం మీద వీధుల కోణం చూస్తే ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

13వ రోజు

పదాతి దళం షాట్లు. వీటిని ఎవరూ పట్టించుకోరు. ట్యాంకు కనబడగానే కన్ను అటే పోతుంది. నేనూ మొదట్లో ఈ వరుసల్లో "సిపాయిలు నడుస్తున్నారు" అని రాసి వదిలేశాను. ఈ రోజు వాళ్ల తలలు ఎటు తిరిగి ఉన్నాయో మాత్రమే గమనిస్తూ మళ్లీ చూశాను. వీధి మీద ఉన్న తలలు తక్కువ. ఎక్కువగా పైకి, కిటికీల వైపు, లేదా కిందికి, నేలమాళిగల కంతల వైపు ఉన్నాయి.

తలుపులన్నీ మూసుకున్న ట్యాంకుకి లోపలినుంచి పెరిస్కోపుల్లో కనబడేది కొంచెమే. ఏ నేలమాళిగలో నుంచో ఒక్క మనిషి పాంజర్‌ఫౌస్ట్ (ట్యాంకుల్ని పేల్చడానికి చేత్తో పట్టుకుని కాల్చే జర్మన్ ఆయుధం) గురిపెడితే చాలు, 60 మీటర్ల లోపు ఏ ట్యాంకైనా పోవచ్చు. ఊళ్లో ట్యాంకుకి కళ్లు ఈ సిపాయిలే. కాలమ్‌లో "సిపాయిలు నడుస్తున్నారు" కొట్టేసి, ఎవరు ఏ అంతస్తు చూస్తున్నారో రాశాను. ఇలా రాసిన తర్వాత ఆ షాట్లు నాకు ట్యాంకు షాట్లకన్నా ఎక్కువ భయం పుట్టించాయి.

16వ రోజు

శబ్దం గురించి తేల్చుకున్నాను. ఐమో మూగ కెమెరా. ఈ ఫుటేజ్‌లో మనం వినే పేలుళ్లు, ఇంజన్ల మోతలు, అరుపులు అన్నీ తర్వాత ఎవరో స్టూడియోలో అతికించినవే. అతికించడంలో కూడా, మెరుపు, మోత ఒకే ఫ్రేములో పడతాయి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 200 మీటర్ల దూరంలో పేలితే చెవికి చేరడానికి 0.6 సెకను దాకా పడుతుంది, అంటే 14 ఫ్రేములు.

ఆ ఆలస్యం లెక్కేసి శబ్దం పెట్టొచ్చు కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. ఒకసారి ప్రయత్నించి చూశాను కూడా. ఎంత లెక్కేసినా అది నేను పుట్టించిన శబ్దమే. తీసేశాను. నా ప్రతి మౌనంగానే ఉంటుంది.

18వ రోజు

ఇన్ని రోజులూ తప్పించుకుంటూ వచ్చిన వరుస ఇది.

అదే రోజు, అదే నగరంలో, ఒక నల్ల ఓపెల్ కారు కాల్పుల మధ్యకి వచ్చేసింది. లోపల ఇద్దరు పౌరులు, ఒక పురుషుడు, ఒక యువతి. అమెరికన్ వైద్య సిపాయిలు ఆమెకి చికిత్స చేయడం కెమెరాకి దొరికింది. ఆమె బతకలేదు. అతనూ బతకలేదు.

పెర్షింగ్ గన్నర్ స్మోయర్ కూడా ఆ కారు వైపు కాల్చినవాళ్లలో ఒకడు. దశాబ్దాల తర్వాత ఈ ఫుటేజ్ చూసినప్పుడు గానీ ఆ కారులో ఎవరున్నదీ అతనికి తెలియలేదు. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. 2013లో కొలోన్ వెళ్లి, అదే రోజు అవతలి వైపు ట్యాంకులో ఉన్న గుస్టాఫ్ షేఫర్‌ని కలిశాడు. షేఫర్ కూడా ఆ కారు మీద కాల్చినవాడే. ఇద్దరు ముసలివాళ్లూ కలిసి ఆమె సమాధి దగ్గరికి వెళ్లి పూలు పెట్టారు. 2019లో స్మోయర్‌కి బ్రాంజ్ స్టార్ అనే అమెరికన్ సైనిక పతకం ఇచ్చారు. 2022లో 99వ ఏట పోయాడు.

నా పట్టికలో "వాహనం" అనే కాలమ్ ఉంది. మొదట అందులో "కారు, నలుపు, ఓపెల్" అని రాశాను. మిగతా కాలమ్‌లన్నీ కూడా ట్యాంకుల కోసం పెట్టుకున్నవే: గొట్టం, చక్రాలు, తలుపులు, టరెట్ దిశ. ఆమె గురించి రాయడానికి ఒక్క గడి కూడా లేదు. సాయంత్రం పట్టిక మొత్తం మార్చాను. ప్రతి షాటుకూ "ఇందులో ఉన్న మనుషులు" అన్న కాలమ్‌ని మొట్టమొదటికి తెచ్చాను. వాహనాలు తర్వాత. దీనికోసం మొదటి వరుస నుంచి మళ్లీ అన్ని షాట్లూ తెరవాల్సి వచ్చింది.

ఆ షాట్ విషయంలో ఇంకో నిర్ణయం. మిగతా షాట్లను ఆపి, పెద్దవి చేసి, బాణం గుర్తులు పెట్టి వివరించాను. దీన్ని ఆపను, పెద్దది చేయను. ఎంతసేపు ఉందో అంతసేపే, మామూలు వేగంలో నడుస్తుంది. పక్కన స్థలం, తేదీ మాత్రం ఉంటాయి.

21వ రోజు

మొదటి వరుస నుంచి మనుషుల కాలమ్ నింపుతూ వస్తున్నాను. పాంథర్ షాటులో దూకుతున్నవాళ్లను ఒక్కొక్కరినీ ఏ తలుపులోంచి వచ్చారో చూసి విడివిడిగా రాశాను. బార్టెల్‌బోర్త్ వచ్చింది టరెట్ పై తలుపులోంచి. కెల్నర్ వరుసలో ఇంతకుముందు "షెర్మన్, దెబ్బతిన్నది" అని మాత్రమే ఉండేది. ఇప్పుడు అతని పేరుంది.

ఇక మిగిలినవి నది ఒడ్డు షాట్లు. జర్మన్లు అదే రోజు హోహెన్‌జోలెర్న్ వంతెన పేల్చేశారు. అంటే పాంథర్ ఆ కూడలిలో ఉన్నప్పుడు దాని వెనకాల నది ఉంది, నది మీద వంతెన మాత్రం లేదు. నీళ్లలోకి కూలిన ఆ కమానులు రెండు ప్రతుల్లో ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి. చక్రాలు లేవు, తలుపులు లేవు, కొలవడానికి కెథడ్రల్ గోపురాలు ఒక్కటే ఆధారం. రేపు 38వ వరుస నుంచి మొదలుపెట్టాలి.